కుట్టు విప్పి చూపించాలి

మా మరిది బెంగుళూరు నుంచి వచ్చినప్పుడల్లా స్వీటు ప్యాకెట్లతో పాటు ఫోనులో ఒక జాబితా కూడా తెస్తాడు. ఏ రాష్ట్రంలో బతుకు బాగుంటుంది, ఎక్కడ ఖర్చు తక్కువ, ఎక్కడ గాలి మంచిది, ఎక్కడ మనుషులు ఎక్కువ సంతోషంగా ఉంటారు అని ఎవరో లెక్కలు కట్టి, రాష్ట్రాలన్నిటినీ బడిపిల్లల్లా వరసలో నిలబెట్టిన జాబితా. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అన్నం తింటూ దాన్ని మాకు చదివి వినిపించాడు. మా రాష్ట్రం ఖర్చులో నయమేనట. బతుకులో మాత్రం వెనక బెంచీల వైపు కూర్చుందట.

నేను గోంగూర పచ్చడి వడ్డిస్తున్నాను. గరిటె అక్కడే ఆపేశాను.

"ఇది రాసినాయన మన నల్లపాడు ఎప్పుడొచ్చాడు?"

"రావక్కర్లేదు వదినా. డేటా ఉంటుంది."

"అయితే ఆ డేటానే వచ్చి నీకు పచ్చడి వడ్డించమను."

మరిది నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. కంచం పక్కకి జరిపి, గోడకి చెయ్యి ఆనించి, వంగిపోయి దగ్గాడు. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. అప్పటికి చాలాకాలంగా మా ఇంట్లో ఎవరం ఆయన్ని నవ్వించే మాటలు మాట్లాడటం లేదు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే ఆగదు. ఆ రోజు నోరు జారాను.

దగ్గు తగ్గాక మరిది ఫోను పక్కన పెట్టి అసలు సంగతి చెప్పాడు. జాబితా చదివింది మమ్మల్ని తక్కువ చెయ్యడానికి కాదు. వాళ్లన్నని అక్కడికి తీసుకుపోదామని వచ్చాడు.

మా గురించి కాస్త చెప్పాలి. నేను పుట్టింది చీరాల దగ్గర, మెట్టింది ఈ నల్లపాడు. రెండు వైపులా మావి దూది పని ఇళ్లు. దూదేకుల వాళ్లమంటారు మమ్మల్ని. నమాజు చేసుకుంటాం, ఇంట్లో మాట్లాడేదీ పోట్లాడేదీ తెలుగులోనే. మా తాతల కాలంలో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఎవరి ఇంటి ముందయినా కూర్చుని వాళ్ల పత్తిని ఏకి, పరుపు కుట్టి ఇచ్చి, ఆ పూటకి వాళ్లింట్లో అన్నం తిని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఏకే మిషన్లు వచ్చాయి. మాకూ ఒకటుంది. కొట్టు రెండు గదులు. వెనక గదిలో మిషను, ముందు గదిలో కుట్టు. మిషను మగవాళ్లది, దబ్బనం ఆడవాళ్లది. ఇలా ఉండాలని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. మా వాళ్లలో ఏ కొట్టుకి వెళ్లినా ఇదే వరస.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పరుపు కుట్టేటప్పుడు ఒక మూల కుట్టు వెయ్యకుండా వదిలేస్తాం. తీసుకునేవాళ్లు వచ్చి ఆ మూలలోంచి చెయ్యి లోపలికి పెట్టి, కాస్త దూది బయటికి లాగి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. పాత దూది కలిపామా, గింజ ముక్కలు మిగిలాయా, తడి వాసన ఉందా అని. సరేనన్నాకే వాళ్ల ఎదురుగా ఆ మూల కుట్టేస్తాం. కొందరైతే దూది ఏకుతున్నంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మా వైపు మనుషులకి కారం పట్టించినా నూనె ఆడించినా దగ్గరుండి చూసుకోవడం అలవాటు. అనుమానం కొంత, కాలక్షేపం కొంత. అలా కూర్చున్నప్పుడే పిల్లల పెళ్లిళ్లు, పొలాల కౌళ్లు, కోడళ్ల మీద చాడీలు, అన్నీ మా కొట్టులో తెగేవి.

ఆ కూర్చునేవాళ్లు గంటకో రెండు గంటలకో లేచి పోతారు. మా ఆయన మాత్రం పదిహేనేళ్ల వయసు నుంచీ ఆ వెనక గదిలోనే ఉన్నాడు. కిటికీ ఒకటే, అదీ చిన్నది. మిషను వేస్తే దూది నూగు గది నిండా లేస్తుంది, కనురెప్పల మీద కూడా తెల్లగా వాలుతుంది. గుంటూరులో డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, మందులు రాసి, చివర్లో అన్నాడు, "ఆ గదిలోకి అడుగు పెట్టకండి. నేను రాసిన మందులన్నిటికంటే అదే పెద్ద మందు." ఈయన తలూపి ఇంటికొచ్చి, మర్నాడు పొద్దున మూతికి తువ్వాలు కట్టుకుని అదే గదిలోకి వెళ్లాడు. వెళ్లకపోతే మిషను ఎవరు వెయ్యాలి? అదే ఆయన ప్రశ్న. నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

మరిది దగ్గర ఉంది. తెలిసినాయనకి బెంగుళూరులో ఫోము పరుపుల షోరూము ఉందట. పరుపుల గురించి తెలిసిన నమ్మకస్తుడు కావాలట. నీడపట్టున కుర్చీలో కూర్చుని అమ్మడం, దుమ్ము అన్న మాటే ఉండదు. "మిషను అమ్మెయ్ అన్నా. కొట్టు అద్దెకి ఇచ్చెయ్. వదిన కూడా ఎన్నాళ్లని వంగి కుడుతుంది? అక్కడ గాలి బాగుంటుంది, బతుకు బాగుంటుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అతని మాటలో తప్పుండి కాదు, తప్పు లేకపోవడం వల్ల. ఆయన ఊపిరి ఒక పక్క, మేం బతికిన బతుకంతా ఒక పక్క పెట్టి ఎంచుకోమంటే ఏ ఆడది మాత్రం రెండోది ఎంచుకుంటుంది? అయినా ఊరుకోలేక అన్నాను.

"చూడు అబ్బాయ్, నువ్వు మీ అన్న దగ్గు గురించి చెప్పు, వింటాను. అక్కడి గాలి గురించి చెప్పు, వింటాను. మా బతుకు బాలేదని ఆ ఫోను చెప్పిందని మాత్రం చెప్పకు. పరుపైనా ఒక మూల విప్పి చూసి గానీ బాగుందో బాలేదో చెప్పరు. వాడెవడో కుట్టు కూడా ముట్టుకోకుండా మాకు మార్కులేశాడా?"

మా దగ్గర అంతా బాగుందని నేను ఎప్పుడూ అనలేదు. రోహిణి కార్తెలో మా ఊళ్లో మంచం ఇనుపదైతే దాని మీద చెయ్యి వెయ్యలేం. మా పుట్టింటి వైపు పైకి పోతే కొన్ని ఊళ్లలో బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేరు. మిర్చి సీజనులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఎక్కించుకుని యార్డుకి పోయే లారీలు రోడ్డంతా ఆక్రమిస్తాయి, ఆస్పత్రికి పోయే మనిషి ఆటోలో కూర్చుని ఏడవాల్సిందే. కాయ బాగా పండిన ఏడాది ధర పడిపోతుంది, ధర ఉన్న ఏడాది తెగులొస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు, అందరికంటే గట్టిగా నేనే తిడతాను. నా ఊరిని తిట్టే హక్కు ఆ ఎండలో నేను సంపాదించుకున్నది. ఏసీ గదిలో కూర్చుని లెక్కలేసినవాడికి ఆ హక్కు ఎవరిచ్చారు?

అంతా అన్నాను గానీ, ఆయన దగ్గు చూసి ఆ వానాకాలం బెంగుళూరు వెళ్లాం. వానల్లో దూది చెమ్మ పడుతుంది, మా పని ఎలాగూ మందంగా ఉంటుంది. మిషను అమ్మలేదు, గోనెపట్టా కప్పి వెళ్లాం. కొన్నాళ్లుండి చూద్దాం, నచ్చితే అమ్మేద్దాం అని మాట.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అక్కడి గాలి మంచిదే. మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. వెళ్లిన కొద్దివారాలకే ఆయన దగ్గు నెమ్మదించింది. పొద్దున లేవగానే వచ్చే దగ్గు రాకపోయేసరికి నేనే కంగారుపడి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మరిది, తోడికోడలు మమ్మల్ని కళ్లల్లో పెట్టుకుని చూశారు. పక్క వీధిలోనే ఒక అపార్టుమెంటులో చిన్న ఇల్లు చూసి, సామాన్లు కూడా వాళ్లే అమర్చారు. వాళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ ఇంట్లో నాకు నచ్చనివన్నీ చాలా చిన్న విషయాలు. చెబితే ఇంతేనా అంటారు, అయినా చెబుతాను. నేను ఊరి నుంచి స్టీలు డబ్బాలో ఏడాది కారం తీసుకెళ్లాను. ఎండాకాలంలో కాయలు ఏరి, తొడిమలు తీసి, మిల్లు దగ్గర నిలబడి పట్టించుకున్న కారం. ఒక రోజు పప్పులోకి ఎండుమిరపకాయలు వేయించాను. ఆ ఘాటు మెట్ల మీదికి పోయిందట. సాయంత్రానికల్లా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది, ఇబ్బంది కలిగించే వాసనలు రాకుండా చూసుకోవాలని. తోడికోడలు బాధపడుతూనే చూపించింది. మా గుంటూరు వైపు మిరపకాయ వేగితే పక్కింటావిడ గోడ మీంచి "ఏం కూరే?" అని అడుగుతుంది. అక్కడ అది ఇబ్బంది కలిగించే వాసన.

ఇంకొకటి. ఊళ్లో మేం ఎప్పుడూ కొనడం తెలియనివి అక్కడ కొన్నాం. కరివేపాకు కొన్నాం, నిమ్మకాయ కొన్నాం, ట్యాంకరుతో నీళ్లు కొన్నాం, నేను జ్వరానికి సూదిమందు వేయించుకుని వచ్చిన పూట ఎవరూ పంపకపోతే చారు కూడా కొన్నాం. మరిది జాబితాలో మా దగ్గర ఖర్చు తక్కువని రాశారే, ఆ తక్కువ ఊరికే ఎవరూ మాకు దయ చెయ్యలేదు. ప్రతి తక్కువ వెనకా ఎవరో ఒకరు గోడ మీంచి అందించిన గిన్నె ఉంది. ఆ గిన్నెని రేపు మళ్లీ నింపి పంపే బాధ్యత కూడా ఉంది. దాన్ని చవక అనేసి పక్కనే బతుకులో మార్కులు కోసేస్తే నాకు కోపం రాదా? ఆ గిన్నె బతుకులోది కాదా?

అయినా నోరు మెదపలేదు. ఆయన దగ్గు తగ్గింది. ఆ ఒక్క మాట నా మిగతా మాటలన్నిటినీ నొక్కేసింది. ఉండిపోదామనే అనుకున్నాను.

అప్పుడు, ఆయన రోజూ పనికి పోతున్న ఆ షోరూములో ఒక సంగతి జరిగింది.

భార్యాభర్తలు ఇద్దరు పరుపు కొనడానికి వచ్చారు. తెలుగు వచ్చినవాళ్లే. షోరూములో అన్నిటికంటే ఖరీదైన పరుపు మీద అరచెయ్యి నొక్కి చూసి, ఆవిడ మాటవరసకి అడిగింది, "లోపల ఏముందండీ?" అని. అక్కడ పనిచేసేవాళ్లయితే ఒక రంగుల కాగితం తీసి చూపిస్తారు, పొరలు పొరలుగా బొమ్మ వేసి ఉంటుంది. మా ఆయన ఆ కాగితం సంగతే మర్చిపోయాడు. పరుపు నాలుగు మూలలూ తడిమాడు. విడిచిన మూల ఎక్కడా లేదు. లోపల ఏముందని అడిగిన మనిషికి చూపించకుండా ఎలా? చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే బ్లేడు తీసి, ఒక మూల కుట్టు చకచకా విప్పేసి, "చెయ్యి పెట్టి చూడండమ్మా" అన్నాడు.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసిందట. షోరూమాయన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడట. పదేళ్లు గ్యారంటీ ఉన్న పరుపుకి బ్లేడు పెట్టినవాణ్ణి ఆయన జన్మలో చూసి ఉండడు. మరిది వెళ్లి సర్ది చెప్పి, డబ్బు కట్టి ఆ పరుపు తన ఇంటికే తెచ్చుకున్నాడు. ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాడు, ఆ మూల మా ఆయన కుట్టిచ్చిందే.

ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన జరిగిందంతా చెప్పాడు. నాకైతే నవ్వాగలేదు. కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తట్టింది, ఈ ఊరొచ్చాక ఆయన నవ్వడం నేను చూడలేదని. దగ్గు భయంతో మానేసిన నవ్వు, దగ్గు పోయినా తిరిగి రాలేదు.

"లోపలేముందో చూపించకుండా అమ్మటం నాకు చేతకాదే" అన్నాడు చివరికి. "వాళ్లు తప్పు చేస్తన్నారని కాదు. నాకే చేతకాదు."

"అయితే మన ఊరు పోదాం."

"పోతే? ఆ గది ఉందిగా."

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా నోట్లోంచి వచ్చేసింది. "మిషను నేను వేస్తాను. మీరు కుట్టండి."

ఆయన నా వైపు, తెలుగు రానివాడు తెలుగు బోర్డు చూసినట్టు చూశాడు. ఆయన్ని దింపడానికి వచ్చి పక్కనే కూర్చున్న మరిదికి మాత్రం మాట వెంటనే అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"ఏం మాట్లాడుతున్నావు వదినా? అన్న ఊపిరి సగం పోయింది, ఇప్పుడు నీది కూడా పోవాలా? ఒక మొండితనం కోసం?"

"గది ఉంటేగా దుమ్ము నిలిచేది" అన్నాను. "గోడ పడగొడతాను."

అతను కోపంగా వెళ్లిపోయాడు. నేను అతన్ని తప్పుపట్టను. వాళ్లన్న మీద ప్రేమతోనే అన్నాడు. కానీ అందరూ కలిసి మా ముందు రెండే దారులు పెట్టారు. ఊపిరి కావాలంటే ఊరు వదలండి, ఊరు కావాలంటే ఊపిరి వదలండి అన్నారు. రెండూ కావాలని అడిగితే మొండితనమా? అయితే అవును, మొండిదాన్నే.

ఊరికి వచ్చిన వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన గురించి కాదు, నా గురించి అడిగాను. ఆరుబయట పెట్టుకోండి, మంచి మాస్కు కట్టుకోండి, రోజంతా వెయ్యకండి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి అన్నాడు. ఏమీ కాదని హామీ ఇవ్వలేదు. నేను కూడా హామీ అడగలేదు. మా వైపు మిర్చి కోతకి పోయే ఆడవాళ్లకి, పత్తికి మందు కొట్టే మగవాళ్లకి ఎవరిచ్చారు హామీ?

వెనక గది గోడ పడగొట్టిస్తుంటే మా ఆయన రోడ్డు అవతల నిలబడి చూశాడు. వాళ్ల నాన్న కట్టించిన గోడ. మొదటి ఇటుక రాలినప్పుడు ఆయన ముఖం చూడలేక నేను పని చేసేవాళ్ల మీద అరిచాను. సాయంత్రానికి గది పోయి పాక అయింది. పైన రేకులు, ఒక పక్క గోడ, మిగతా అంతా గాలి. మిషను ఎత్తి గాలి వాలుగా పెట్టించాను. ముందు గదికీ పాకకీ మధ్య తలుపు ఉంది, నూగు ఆయన వైపు రాకుండా దానికి తడి గోనె తెర వేలాడదీశాను.

తర్వాతి రెండు నెలలు మేమిద్దరం ఊరికి వినోదం. మా ఆయనకి దబ్బనం లొంగేది కాదు. వేళ్లన్నీ పొడుచుకునేవాడు. ఆయన మొదట కుట్టిన పరుపు చూసి, "దీని మీద పడుకుంటే మనిషి తెల్లారేసరికి వంకర తిరిగి లేస్తాడు" అని విప్పించేశాను. నేను ఏకిన దూది ఏమన్నా తక్కువా? ఉండలు ఉండలుగా వచ్చేది. ఆయన తెర అవతల కూర్చుని మిషను చప్పుడు విని చెప్పేవాడు, "ఎక్కువ పెడతన్నావు, కొంచెం కొంచెం పెట్టు" అని. నేను దారం లాగే చప్పుడు విని "బిగించండి" అని అరిచేదాన్ని. ఇరవై ఏళ్లు పక్కపక్క గదుల్లో పనిచేసినా, ఒకళ్ల పని ఒకళ్లకి ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మా వాళ్లలో పెద్దాయన ఒకడు పెదకాకాని నుంచి పనిగట్టుకుని వచ్చాడు. కొట్టు గుమ్మంలో నిలబడి, ఆడది మిషను మీద కూర్చోవడం, మగాడు దబ్బనం పట్టడం మా ఇళ్లలో ఎరగమని మొదలుపెట్టాడు. నేను మాస్కు విప్పి సమాధానం చెప్పబోయేలోపే మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"నా పెళ్లాం ఏకుద్ది, నేను కుడతా. మూల విప్పే ఉంది, చెయ్యి పెట్టి చూసుకో. నచ్చితే చెప్పు, నచ్చకపోతే టీ తాగి పో."

పెద్దాయన చెయ్యి పెట్టి చూశాడు. దూది బయటికి తీసి నలిపాడు. ఏ వంకా పెట్టకుండా టీ తాగి పోయాడు. ఆ రోజు మా ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ పెళ్లైన కొత్తలో కూడా పుట్టలేదు.

అసలు గొడవ మిర్చి సీజనులో వచ్చింది. మా కొట్టు వెనక ఖాళీ జాగాలో ఒక మామ్మ ఏటా మిరపకాయలు ఎండేస్తుంది. కౌలుకి చేను చేస్తుంది, డెబ్బై దాటినా గొంతు మాత్రం మిర్చి యార్డులో వేలం పాట పాడేవాళ్లకి వినపడేంత. గోడ ఉన్నన్నాళ్లూ మా దూదికీ ఆమె కాయలకీ సంబంధం లేదు. గోడ పోయాక నా మిషను నూగు లేచి, పోయి పోయి ఎర్రగా పరిచిన ఆమె కల్లం మీద వాలింది.

"ఒసే అమ్మాయ్! కాయలకి బూజు పట్టిందనుకుని కొనేవాడు పోతన్నాడే! నీ దూది నువ్వు ఏకుతావో తింటావో, నా కల్లంలోకి రానియ్యకు!"

"నీ కాయల ఘాటు నా ముక్కులోకి రావట్లా మామ్మా? నేనేమన్నా అన్నానా?"

"గోడ పడగొట్టుకుంది నువ్వా నేనా?"

అది నిజమే. చివరికి మేం ఇద్దరం గాలితో ఒప్పందం చేసుకున్నాం. గాలి ఆమె కల్లం మీదుగా మా పాకలోకి వీస్తుంటే నేను ఏకాలి. అటు తిరిగితే నేను మిషను ఆపాలి. ఆపిన సమయంలో ఊరికే కూర్చోకుండా ఆమె కాయల్లో తాలు, అంటే తెల్లబారిన కాయలు, ఏరి పెట్టాలి. ఆమె బదులుగా మా ఇంటికి కావలసిన మిరపకాయలు, తన చేను గట్టున వేసిన పత్తిలో దిండుకి సరిపడా పత్తి ఇస్తుంది. గాలి తిరగ్గానే "అమ్మాయ్, ఆపు!" అని ఒక కేక వేస్తుంది, నేను ఆపేస్తాను. అలా నా ఊపిరికి డాక్టరు చెప్పిన విరామం ఆమె గొంతు వల్ల దొరికింది. ఏ జాబితాలో రాస్తారు దీన్ని, ఏ గడిలో?

పోయిన ఫిబ్రవరిలో మరిది వచ్చాడు. బెంగుళూరులో గొడవపడ్డాక మళ్లీ మా కొట్టుకి రావడం అదే. గోడ ఉన్న చోట నిలబడి అటూ ఇటూ చూశాడు. అన్న కుడుతున్న పరుపు అంచు మీద వేలు నడిపించాడు. అప్పుడే మామ్మ కేక వేసింది, నేను మిషను ఆపాను. టీ తెప్పించాను, మామ్మ కూడా వచ్చి కొత్త పరుపు మీద దర్జాగా కూర్చుంది. ఆ కాస్తలోనే గాలి మళ్లీ మనసు మార్చుకుంది. ఎండకి కాగిన కాయల ఘాటు పాకలోంచి నేరుగా ముందు గదిలోకి వచ్చేసింది. మాకు అలవాటే.

మరిది జేబులోంచి ఫోను తీశాడు. అతనికీ అలవాటే.

"కొత్తది వచ్చింది వదినా. ఈసారి మన రాష్ట్రం కొంచెం పైకి జరిగింది. ఒక్క గాలి విషయంలోనే..." అని తుమ్మాడు. "గాలి నాణ్యతలో..." అని మళ్లీ తుమ్మాడు. కళ్లు నీళ్లతో నిండిపోయి, ముక్కు ఎర్రబడి, ఫోను కనపడక చేత్తో దూరంగా పట్టుకున్నాడు. "అందులో మాత్రం..." అని వరసపెట్టి తుమ్ములు.

మామ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "దానికి కోపమొచ్చిందిరా అబ్బాయ్. మార్కులు తర్వాత చదువుదువుగాని, ముందు మా గాలికి తప్పైపోయిందని లెంపలేసుకో."

మా ఆయన నవ్వాడు. దబ్బనం పక్కన పడేసి, పరుపు మీద వెనక్కి వాలి, కడుపు పట్టుకుని, పైకి, గట్టిగా నవ్వాడు. అలా నవ్వి ఎన్నేళ్లయిందో! మరిది తుమ్ము మధ్యలో బిగపట్టుకుని అన్న వైపు చూశాడు. మామ్మ కూడా నోరు మూసుకుంది. ఆ నవ్వు వెనక రావాల్సిన దగ్గు కోసం ముగ్గురం ఊపిరి బిగపట్టి కూర్చున్నాం.

నవ్వు తగ్గింది. ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఒకసారి నిండుగా ఊపిరి తీసుకుని, మా ముఖాలు చూసి, "ఏంటి, అందరూ అట్టా చూస్తన్నారు?" అని అడిగాడు.

దగ్గు రాలేదు.

మరిది ఇంకేమీ చదవలేదు. ఫోను జేబులో పెట్టుకుని, అన్న పక్కన పరుపు మీద కూర్చుని, కుట్టకుండా వదిలిన మూలలోకి చెయ్యి పెట్టి, నేను ఏకిన దూది కాస్త బయటికి లాగి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. మాస్కు పైకి లాక్కుని, తడి తెర దించి పాకలోకి వెళ్లాను. గాలి నా వైపే వీస్తోంది. మిషను వేశాను.